అసలు విత్తనమే, దాని బలహీనత ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మా పరకాల దిక్కు పత్తి చేన్లు ఎర్రబడుతున్నాయని, నకిలీ విత్తనాలే కారణమని రైతులు అనుమానిస్తున్నారని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. పక్కన ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో ఆకులు అంచుల నుంచి ఎర్రబడి కిందికి ముడుచుకున్నాయి. అది పచ్చదోమ పని. విత్తనం నకిలీదో కాదో ఆ ఫొటోను బట్టి చెప్పలేం. బిల్లు తీసుకుని, సీలు చూసి కొన్న అసలు విత్తనం వేసినా చేను అట్లాగే ఎర్రబడొచ్చు. ఈ సంగతి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో క్షేత్ర సహాయకుడిగా చేసి రిటైరయ్యాను. శాస్త్రవేత్తను కాను. పత్తి క్రాసింగ్ మడిలో మొగ్గలు విప్పడం, దారం కట్టడం, చీటీలు రాయడం, తెగుళ్ల మడిలో ఆకులు తిప్పి చూసి సార్లు చెప్పిన మార్కు పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. ఇప్పుడు ఊళ్లో ఉన్న కొద్ది చెల్కలో పత్తి, కంది వేసుకుంటున్నాను. కాబట్టి ప్యాకెట్ తయారయ్యే చోటు కొంత తెలుసు, ప్యాకెట్ విప్పే చోటు బాగా తెలుసు.

ముందు ఎరుపు సంగతి చెబుతాను. పచ్చదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అంచులు పసుపెక్కి, తర్వాత ఎర్రబడి, చివరికి ఆకు మాడిపోతుంది. మన వాళ్లు దోమపోటు అనేది దీన్నే. మెగ్నీషియం తక్కువైనప్పుడు వచ్చే ఎరుపు వేరు. ముదురాకుల్లో మొదలవుతుంది, ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం ఎర్రబడుతుంది. లీటరు నీళ్లకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొడితే సర్దుకుంటుంది. దీనికి దోమమందు కొట్టి డబ్బులు పోగొట్టుకునే వాళ్లను ప్రతి ఏడూ చూస్తుంటాం. ఇక బెట్టకు వచ్చిన చేను మీద పెద్ద వాన పడి నీళ్లు నిలిస్తే, నిండా కాయ మీదున్న మొక్క ఒక్క పూటలో వేలాడిపోతుంది. పక్క మొక్క మాత్రం బాగానే ఉంటుంది. దాన్ని అందరూ వడలు తెగులంటారు కానీ, అందులో బూజూ లేదు, బ్యాక్టీరియా లేదు. వేరుకు గాలాడక వచ్చే బాధ అది. లేత ఆకుల మీద గోధుమ రంగు మాడు మచ్చలు వచ్చి, చివుర్లు ఎండి, మొగ్గ రాలితే అది టొబాకో స్ట్రీక్ వైరస్ కావచ్చు. ఆ వైరస్‌కు ఇల్లు గట్ల మీద పెరిగే వయ్యారిభామ. ఆ మొక్కను చూస్తే ఏ జబ్బూ కనిపించదు. దాని పుప్పొడి చేన్లోకి ఎగిరొస్తే, తామర పురుగులు పత్తి ఆకును గీకేటప్పుడు వైరస్ లోపలికి పోతుంది. దానికి మందు లేదు. గట్టు మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

చూడటానికి అన్నీ ‘పత్తి ఖరాబైంది’ అన్నట్టే ఉంటాయి. కానీ ఒక్కోదాన్ని తట్టుకునే గుణం విత్తనంలో ఒక్కో చోట ఉంటుంది. ఒక రకం దోమను ఆపుతుంది, బ్యాక్టీరియా వల్ల వచ్చే నల్లమచ్చ తెగులుకు లొంగుతుంది. ఇంకో రకం నల్లమచ్చకు గట్టిది, నవంబరు చలిలో ఆకు అడుగున తెల్లని పొడిలా బూడిద తెగులు పట్టి ఆకు రాల్చేసుకుంటుంది. అన్నింటికీ గట్టిగా నిలిచే రకం నేనైతే చూడలేదు.

విత్తనంలో బీటీ జన్యువు ఉంది కదా అంటారు. బీటీ జన్యువు కాయతొలిచే పురుగుల కోసం పెట్టింది. పచ్చదోమను, తామర పురుగును, తెల్లదోమను అది ఏమీ చేయదు. తెగుళ్లతో దానికి సంబంధమే లేదు. 2002లో మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు అందులో ఒక జన్యువు ఉండేది. 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. శనగపచ్చ పురుగు బాధ చాలా తగ్గింది, అది ఒప్పుకోవాలి. 1997-98లో మన ఓరుగల్లు జిల్లాలో పురుగు పట్టి పత్తి పోయి, అప్పులకు తాళలేక ఎంతమంది పోయారో మా వయసు వాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఆ భయం మీదే బీటీ అంత తొందరగా ఊరూరా పాకింది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు ఆ రెండు జన్యువులనూ అలవాటు చేసుకుంది. 2014లో గుజరాత్‌లో బయటపడింది, తర్వాత మన దగ్గరకూ వచ్చింది.

జన్యువు వేరు, దాన్ని మోసే మొక్క వేరు. 2002లో అనుమతి వచ్చిన హైబ్రిడ్లు మూడు: మెక్-12, మెక్-162, మెక్-184. 2005లో ఈ మూడింటికీ అప్పటి మన ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. తర్వాత అదే జన్యువును వేరే తల్లిదండ్రుల మీద పెట్టిన హైబ్రిడ్లు వస్తే, మన రైతులు ఎగబడి కొన్నారు. జన్యువు మారలేదు, మొక్క మారింది. ఇంత అనుభవం అయిన తర్వాత కూడా ప్యాకెట్ మీద జన్యువు పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మొక్క గుణాల గురించి ఒక్క ముక్క ఉండదు.

ఆ గుణాలు విత్తనంలోకి ఎట్లా వస్తాయో చెబితే, వాటిని దాచిపెట్టడం ఎందుకు తప్పో అర్థమవుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత, మర్నాడు పూసే మొగ్గను ఎంచుకుంటాం. బొటనవేలి గోరుతో రేకులను, పుప్పొడి తిత్తులను కలిపి ఒక్కసారిగా తిప్పి తీసేయాలి. లోపలి కీలానికి గీత పడకూడదు. కాగితం గొట్టం తొడుగుతాం. మర్నాడు ఎనిమిది నుంచి పదకొండు లోపల మగ రకం పువ్వు తెచ్చి కీలానికి రాస్తాం, దారం కడతాం. ఈ పనిలో ఆడవాళ్ల చెయ్యి మా చెయ్యి కన్నా నూరుపాళ్లు నయం. గద్వాల నడిగడ్డలో హైబ్రిడ్ విత్తనం తయారయ్యేది కూడా ఈ గోటి పనితోనే. ప్రపంచంలో సాగుకు వచ్చిన మొదటి పత్తి హైబ్రిడ్ హెచ్-4ను 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ గారు ఇచ్చింది కూడా ఇట్లాంటి చేతి సంకరంతోనే. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఆకు మీద తేనె గ్రంథులు లేని అమెరికన్ రకం. తేనె లేకపోతే పురుగు రాకపోకలు తగ్గుతాయి. అంటే అప్పుడే దిగుబడితో పాటు ఈ లెక్క కూడా చూసిన వాళ్లున్నారు.

హైబ్రిడ్ అయితే ఒక్క సంకరంతో పని అయిపోతుంది. కొత్త రకం తీయాలంటే అసలు కథ రెండో తరంలో మొదలవుతుంది. ఆ మడిలో ఏ రెండు మొక్కలూ ఒక్కలా ఉండవు. పొట్టిది, పొడుగుది, నూగు ఉన్నది, లేనిది, కాయ లావు, గింజ లావు, అన్నీ కలగలిపి ఉంటాయి. అందులోంచి ఏరి, తర్వాతి ఏడు ఒక్కో మొక్కను ఒక్కో సాలుగా వేసి, మళ్లీ ఏరి, గుణం నిలబడేదాకా ఆరేడు తరాలు పోవాలి. ఆ తర్వాత కేంద్రంలో పరీక్షలు, వేరే కేంద్రాల్లో పరీక్షలు, రైతుల చేన్లలో వేసి చూడటానికి ఇచ్చే చిరుసంచులు. పదేళ్లు, పన్నెండేళ్లు అట్లే పోతాయి. నేను చీటీ రాసిన సంకరాల్లో చాలావాటికి పేరు కూడా పెట్టలేదు. మధ్యలోనే పక్కన పెట్టేశారు. అది నష్టమని నేననుకోను. పనికిరానిది తీసేయడమే ఆ పని.

తెగుళ్ల మడి సంగతి చెప్పాలి. మామూలు మడిలో తెగులు రాకుండా చూసుకుంటాం, ఇక్కడ కావాలని తెప్పిస్తాం. పచ్చదోమ కోసమైతే నాలుగైదు సాళ్లకొకటి, దోమకు తేలిగ్గా లొంగే రకం వేస్తాం. దోమ అక్కడ పెరిగి పక్క సాళ్ల మీద పడుతుంది. మందు కొట్టం. అప్పుడు ఆకు ఎంత ఎర్రబడింది, ఎంత ముడుచుకుంది చూసి ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు ఇస్తారు. నల్లమచ్చ తెగులుకు సున్నా నుంచి నాలుగు. అంటే ప్రతి రకానికీ ఒక మార్కుల పుస్తకం ఉంటుంది. గుర్తుపెట్టుకోండి, నా ఉత్తరమంతా ఆ పుస్తకం గురించే.

నూగు మంచి ఉదాహరణ. ఆకు అడుగున ఒత్తుగా, పొడుగ్గా నూగు ఉంటే పచ్చదోమ గుడ్డు పెట్టలేదు, పిల్లలు నిలవలేవు. అది చూసి ‘అయితే అన్ని రకాలకూ నూగు పెట్టండి’ అని ఒకసారి మా ఊరి బావ అన్నాడు. నూగు ఎక్కువైతే తెల్లదోమకు ఇష్టం. కాయతొలిచే పురుగు తల్లికీ గుడ్లు అంటించడానికి అనువు. పైగా ఎండిన ఆకు ముక్కలు దూదికి అంటుకుని చెత్త పెరుగుతుంది. నున్నటి ఆకైతే చెత్త తక్కువ, దోమకు పండగ. ఏది కావాలో నేలను బట్టి, ఆ ప్రాంతంలో ఏ పురుగు ఎక్కువో దాన్ని బట్టి తేల్చుకోవాలి. మా దగ్గర పచ్చదోమే మొదటి శత్రువు కాబట్టి నేను నూగు వైపే ఉంటాను.

నల్లమచ్చ తెగులు మీద జరిగిన పని ఇంకా ఘనమైనది. 1930ల చివర్లో సూడాన్‌లో ఆర్.ఎల్. నైట్ అనే శాస్త్రవేత్త ఆ తెగులును తట్టుకునే జన్యువులను ఒక్కొక్కటే పట్టి, ‘బి’ అక్షరంతో నంబర్లిచ్చి, మంచి దూది ఉన్న రకాల్లోకి ఎక్కించాడు. తట్టుకునే మొక్కను మంచి రకంతో కలపడం, వచ్చినవాటిలో తట్టుకునేవి ఏరి మళ్లీ అదే మంచి రకంతో కలపడం. ఒక్కో విడతకు మంచి రకం పాలు సగం నుంచి 75 శాతం, 87 శాతం అట్లా పెరుగుతుంది. ఆరు విడతలయ్యేసరికి 99 శాతం మంచి రకమే, లోపల మాత్రం తెగులు తట్టుకునే గుణం. మన దేశంలోనూ ఆఫ్రికా నుంచి తెచ్చిన రెబా బి-50 అనే తెగులు తట్టుకునే రకాన్ని వాడుకున్నారు. లక్ష్మి, రెబా, ఏసీ-122 కలిపి కోయంబత్తూరులో తీసిన ఎల్ఆర్ఏ-5166ను ఒకప్పుడు దక్షిణాదిన విస్తారంగా వేశారు. పేరులోని మూడు అక్షరాలూ ఆ మూడు తల్లిదండ్రులవే. ఇట్లాంటి పేర్లు ఇప్పుడు ప్యాకెట్ మీద చూద్దామన్నా కనిపించవు. ఎవరి బిడ్డో తెలియని పత్తిని మనం విత్తుతున్నాం.

దేశవాళీ పత్తే అన్నింటికీ మందు అనేవాళ్లు కూడా ఈ మధ్య ఎక్కువయ్యారు. దాంట్లో నిజం లేకపోలేదు. ఉత్తరాదిన పంజాబ్, హరియాణాల్లో, ఇప్పుడు మనమూ వేసే అమెరికన్ పత్తిని కూల్చేసే ఆకుముడత వైరస్ దేశవాళీకి సోకదు. రసం పీల్చే పురుగులను బాగా తట్టుకుంటుంది, బెట్టకు ఆగుతుంది. కానీ నల్లరేగడిలో ఫ్యుసేరియం అనే బూజు వల్ల వచ్చే వడలు తెగులు దేశవాళీకే, బూడిద తెగులు కూడా మొదటినుంచీ ఎక్కువగా దానిదే. కాయ చిన్నది, పోగు పొట్టిది. రెండింటినీ కలుపుదామంటే దేశవాళీకి క్రోమోజోములు 26, అమెరికన్‌కు 52. కలిపితే 39 క్రోమోజోముల గొడ్డు మొక్క వస్తుంది. దాన్ని దారికి తేవడానికి కోల్చిసిన్ మందుతో క్రోమోజోములు రెట్టింపు చేసి, మళ్లీ మళ్లీ అమెరికన్‌తో కలపాలి. ఆ పని కోసం ప్రభుత్వ కేంద్రాల్లో మనుషులు, ఏళ్లు రెండూ ఉండాలి. ఈ రెండూ రానురాను తగ్గిపోవడం నా కళ్లతో చూశాను.

మంచి గుణం అంటే తెగులు ఒక్కటే కాదు, ఒప్పుకుంటాను. కొనుగోలు కేంద్రంలో పోగు పొడుగు చూస్తారు, తేమ చూస్తారు. 2025-26కు పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. ఆ 400 తేడా కోసం పోగు పొడుగు చూసుకోవాల్సిందే. కానీ మా ఊరి ఏరేవాళ్ల మాట, కొత్త రకాలు తీసే ఏ బ్రీడరూ వినలేదనిపిస్తుంది. కిందటేడు ఒక చేనుకు కైకిలి పిలిస్తే ఒకామె ముఖం మీదే అన్నది: “పెద్దబాపూ, ఆ చేనుకు మేం రాం. కాయ సగమే ఇచ్చుకుంటది, గోర్లు పోతయి.” కాయ పూర్తిగా విచ్చుకుని, దూది తొర్రలోంచి ఒక్క లాగుకు రావాలి. ఏరుడు కూలి ఇప్పుడు పత్తి సాగులో అన్నింటికన్నా బరువైన ఖర్చు. దుకాణంలో మాత్రం కాయ ఎంత లావో చూపించే ఫ్లెక్సీ తప్ప ఇంకేమీ ఉండదు.

ఇక ప్యాకెట్ దగ్గరికి వస్తాను. 475 గ్రాముల ప్యాకెట్, 2025 వానకాలానికి కేంద్రం పెట్టిన ధర 901 రూపాయలు. దాని మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, జన్యు స్వచ్ఛత, పరీక్ష చేసిన తేదీ, గడువు, విషపు మందు పట్టించారన్న హెచ్చరిక ఉంటాయి. ఆ పట్టించిన మందు నెల రోజుల దాకా దోమను దగ్గరికి రానివ్వదు. ఆ నెల రోజుల్లో అన్ని రకాలూ ఒక్కలాగే కళకళలాడతాయి. రైతు సంతోషపడి పక్కవాడికి కూడా చెబుతాడు. రకం అసలు గుణం ఆ తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఎకరాకు రెండు ప్యాకెట్ల ధరకు ఎన్నో రెట్లు ఎరువులకు, కలుపుకు పెట్టేసి ఉంటాం. వెనక్కి పోలేం. మందుల దుకాణానికి పోతాం.

మా పక్కచేనాయన కిందటేడు రెండు కంపెనీల విత్తనం పక్కపక్కనే వేశాడు. నేల ఒకటే, విత్తిన రోజు ఒకటే. సెప్టెంబరు వచ్చేసరికి ఒక తునక అంచులు ఎర్రబడ్డాయి, రెండోది పచ్చగానే ఉంది. రెండూ అసలు విత్తనాలే. ఎర్రబడిన దానికి ఆయన ఎక్కువసార్లు దోమమందు కొట్టాడు. దుకాణంలో అడిగితే ‘ఆ రకానికి దోమ కొంచెం ఎక్కువే’ అన్నారట. మరి విత్తనం అమ్మిన రోజు ఎందుకు చెప్పలేదు?

నేను కోరేది ఇంతే. ఏ విత్తనమైనా మన మండలంలో అమ్మాలంటే పచ్చదోమ, నల్లమచ్చ తెగులు, బూడిద తెగులు, ఆల్టర్నేరియా అనే బూజు తెచ్చే ఆకుమచ్చ, నీటి ముంపుకు వడలడం, ఈ ఐదింటికీ పరీక్షల్లో వచ్చిన మార్కు తెలుగులో ప్యాకెట్ మీద అచ్చువేయాలి. తట్టుకుంటుంది, కొంత తట్టుకుంటుంది, లొంగుతుంది అని మూడు మాటలు చాలు. ఆ పక్కనే పంట కాలం, ఏ నేలకు తగినదో ఉండాలి. చెల్కకు వేరే, రేగడికి వేరే అని వ్యవసాయ విస్తరణ అధికారి రైతువేదికలో చెప్పాలంటే ఆయన చేతిలో కూడా కాగితం ఉండాలి కదా. ఆయనకూ కంపెనీ కరపత్రమే దిక్కయితే ఎట్లా? 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ఇప్పటికే ఒక మాట చెబుతోంది. రిజిస్టరైన రకం విత్తనం అమ్మినప్పుడు, ఆ రకం బ్రీడరు ఏ పరిస్థితిలో ఎట్లాంటి ఫలితం ఆశించొచ్చో రైతుకు చెప్పాలి, అది రాకపోతే రైతు పరిహారం అడగొచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, ఈ మాటకు ఒక పట్టిక రూపం ఇస్తే చాలు.

కంపెనీల వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. తెగులు చోటును బట్టి, ఏడును బట్టి మారుతుంది, మార్కు అచ్చువేస్తే మమ్మల్ని కోర్టుకు లాగుతారు అంటారు. మారే మాట నిజమే. నల్లమచ్చ బ్యాక్టీరియాలో కూడా జాతులు మారతాయి, నిన్న తట్టుకున్న రకం రేపు లొంగొచ్చు. అందుకే ఏ ఏడు, ఏ కేంద్రంలో పరీక్షించారో పక్కనే వేయమంటున్నాను. మొలక శాతం కూడా నిల్వను బట్టి మారుతుంది, దాన్ని అచ్చువేయడం లేదా? ఇంకో మాట, సాళ్లు దగ్గర చేసి ఒత్తుగా వేసే పద్ధతిని ఇప్పుడు ప్రోత్సహిస్తున్నారు. ఒత్తు చేన్లో గాలాడదు, తేమ నిలుస్తుంది, ఆకుమచ్చ, కాయకుళ్లు ఎక్కువవుతాయి. ఆ పద్ధతికి తెగులుకు లొంగే రకాన్ని అంటగట్టి, తర్వాత రైతుకు యాజమాన్యం చేతకాలేదంటే నేను ఒప్పుకోను.

నకిలీ విత్తనాల మీద దాడులు చేస్తున్నారు, గడ్డిమందు తట్టుకుంటుందని దొంగచాటుగా అమ్మే సంచులను పట్టుకుంటున్నారు. మంచిదే. ఆ వార్తలు మీరు పెద్దగా వేస్తున్నారు. కానీ దానివల్ల చేను చెడితే నకిలీ, బాగుంటే అసలు అని ఊళ్లో ఒక లెక్క కుదిరిపోయింది. ఆ లెక్క అసలు విత్తనం అమ్మేవాళ్లకు చాలా సుఖంగా ఉంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని, ఆదిలాబాద్ కేంద్రాన్ని అడగండి. మన జిల్లాల్లో ఎక్కువగా అమ్ముడుపోయే హైబ్రిడ్లలో వాళ్లు పరీక్షించినవి ఏవి, వాటికి పచ్చదోమ, తెగుళ్ల మార్కులెంత అని. వాళ్లిచ్చిన పట్టికను జిల్లా పేజీలో అచ్చువేయండి. రోహిణి కార్తెకు ముందే రావాలి, ఎందుకంటే మా దగ్గర మృగశిర చినుకు పడేలోపే ప్యాకెట్లు ఇంటికి చేరిపోతాయి. ఆ కాగితం కత్తిరించి రైతువేదిక గోడకు, విత్తనాల దుకాణం గోడకు అతికించే పని మా ఊళ్లో నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత క్షేత్ర సహాయకుడు,
పరకాల మండలం, హనుమకొండ జిల్లా